విప్పని చీటీ

పోయిన వారం ఈ కథ ఆగేసరికి కొరెల్లా బే ఊళ్ళో నా అంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ తెలివి ఎక్కడికి తెచ్చిందో ఈ వారం చెప్పక తప్పదు.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు వెర్నా పాస్కో. ఊరి లైబ్రరీ తాళంచెవి ఇరవై ఏడేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. శనివారం పొద్దున్న ఏడింటికి డెస్ ట్రాస్క్ బండి పడవల ర్యాంపు దగ్గర ఆగి కనిపించింది. బండి మూతి సముద్రం వైపు ఉంది. సీటు మీద ఫోను, పర్సు, టోపీ ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. ఆయనకి డెబ్బై ఆరేళ్ళు, పోయినేడే గుండెకి ఆపరేషన్ అయింది. ఆయన సొంత పడవ ఇంటి ముందు ట్రైలర్ మీద కదలకుండా ఉంది. మా సార్జెంట్ కర్స్టీ హాలొరన్ సముద్రం మీద వెతికించడానికి మనుషుల్ని పోగుచేస్తుంటే, వద్దని ఆపింది నేను.

"ఆగమ్మా కర్స్టీ. నీళ్ళ పక్కన బండి వదిలినవాడు నీళ్ళలోకే వెళ్ళిన పుస్తకం నేనింతవరకు చదవలేదు. మనం ఇటు చూడాలని అది అక్కడ పెట్టాడు. మనిషి అటు వెళ్ళాడు," అని కొండల వైపు చెయ్యి చూపించాను.

పది రోజుల కిందట డెస్ నా దగ్గర రెడ్‌గమ్ లోయ మ్యాపు తీసుకెళ్ళాడు. నాకు అదే పెద్ద సాక్ష్యమైంది. మా శుక్రవారం పుస్తకాల గుంపంతా తలలూపింది. కర్స్టీ వయసులో చిన్నది, మేమా ప్రధానమంత్రులు మారుతున్నా గూఢచారి పుస్తకాలు వదలనివాళ్ళం. పాపం, నమ్మింది. వెతికే చిన్న విమానం, ఆరు జీపులు, సముద్రంలో ఆపదల్లో ఉన్నవాళ్ళని కాపాడే వలంటీర్లతో సహా అందరూ ఎనభై కిలోమీటర్ల లోపలికి, మట్టిరోడ్డు మీద, కొండల్లోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఒంటిగంట. ఎండ నలభై రెండు డిగ్రీలు. లోయలో డెస్ అడుగుజాడ ఒక్కటీ దొరకలేదు.

నాకు కాలు నిలవడం లేదు. డెస్ దగ్గర నీళ్ళసీసా కూడా ఉందో లేదో. ఆయన చివరగా ఏం చదివాడో, ఎవరికి ఏం రాశాడో తెలిస్తే లోయలో ఏ మూలకి వెళ్ళాడో తెలుస్తుందనిపించింది. చూడండి నా బుద్ధి. అప్పటికీ నేను లోయనే పట్టుకుని వేలాడుతున్నాను.

ఇక్కడ మా పద్ధతొకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి శుక్రవారం నాలుగింటికి తొమ్మిదిమందిమి లైబ్రరీలో కూర్చుంటాం. యుద్ధాలు, గూఢచారులు, జలాంతర్గాములు తప్ప ఇంకేదీ చదవం. హేజెల్‌కి గూఢచారి అందగాడు కాకపోతే పుస్తకం నడవదు. క్లెమ్ రడక్ ఎనిమిదేళ్ళు నేవీలో చేసి వచ్చి రొయ్యల పడవ నడుపుకుంటున్నాడు. మొదటి ముప్పై పేజీల్లో ఒక ఓడైనా మునగకపోతే ఆ పుస్తకాన్ని తలుపుకి అడ్డం పెట్టుకుంటాడు. డెస్ ఆర్మీలో సిగ్నల్స్ మనిషి. రేడియో గురించి తప్పు రాసిన రచయితని జన్మలో క్షమించడు. పక్కన మ్యాపు పెట్టుకుని, హీరో ఒక్క పూటలో అంత దూరం పరుగెత్తగలడా అని స్కేలు పెట్టి కొలుస్తాడు.

పుస్తకం చదివినవాళ్ళు వెనక అట్ట లోపల ఒక చీటీ పెట్టాలి. ఇది తర్వాత ఎవరు చదవాలో పేరు రాయాలి, ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. "అందరూ చదవండి" అనకూడదు. అందరికీ నప్పే చొక్కా ఎవరికీ నప్పదంటాడు డెస్. ముగింపు చెప్పకూడదు. చీటీలో పేరున్నవాళ్ళు కాదనకూడదు. ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు. హేజెల్ రాసిచ్చిన ప్రేమగూఢచారుల్ని కూడా క్లెమ్ పళ్ళు కొరుక్కుంటూ చదివాడు.

అలాంటి క్లెమ్ నాలుగు రోజుల కిందట ఒక పుస్తకం కాదన్నాడు. అది డెస్ ఇచ్చిన పుస్తకం.

లైబ్రరీ తాళం వేసి జెట్టీ వైపు నడిచాను. చేపల షెడ్డు నీడలో క్లెమ్ తన బండిలో కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. ఊరంతా వెతుకుతుంటే ఈయన మధ్యాహ్న భోజనం చేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"కడుపు నిండిందా?" అన్నాను.

"సగం నిండింది. నీకూ కావాలా?"

"అక్కడ అందరూ ఎండలో మాడిపోతున్నారు క్లెమ్. నువ్వెందుకు వెళ్ళలేదు?"

"నన్నెవరూ పిలవలేదు."

"పెళ్ళి అనుకున్నావా పిలవడానికి? మనిషి కనపడకుండా పోయాడు!"

"అతనికి నాతో పన్లేదు, నాకూ అతనితో పన్లేదు. ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావుగా. అందరి ముందు ఏమన్నాడో విన్నావుగా."

విన్నాను. ఐదు వారాల కిందటి మాట. క్లెమ్ ఒక నౌకాదళం కథ హేజెల్‌కి అంటగడుతూ, "ఇందులో రేడియో సరిగ్గా అవసరానికి చచ్చిపోతుందమ్మా, అచ్చం నాదానిలాగే," అని నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏముందో అందరికీ తెలుసు గనక మేమూ మర్యాదకి నవ్వాం. డెస్ ఒక్కడే నవ్వలేదు. "రేడియోలు చావవు క్లెమ్. తప్పు మనుషులది," అన్నాడు.  క్లెమ్ కుర్చీ వెనక్కి తన్ని బయటికి వెళ్ళిపోయాడు.

ఇరవై రెండేళ్ళ కిందట క్లెమ్, అతని తమ్ముడు రోనీ 'దువ్వెన' మీద చిక్కుకున్నారు. దువ్వెనంటే తీరానికి ఏడు కిలోమీటర్ల దూరంలో పళ్ళు పళ్ళుగా ఉన్న రాతి తిన్నె. పడవ కింది పంకాకి తాడు చుట్టుకుంటే కోయడానికి రోనీ నీళ్ళలోకి దిగాడు, అల ఎత్తి రాతికేసి కొట్టింది. క్లెమ్ ఒక చేత్తో తమ్ముడి కాలరు పట్టుకుని, రెండో చేత్తో రేడియోలో పిలిచాడు. పదకొండుసార్లు పిలిచానంటాడు. ఇరవై నిమిషాల దాకా ఒడ్డు నుంచి జవాబు లేదు. పడవ వెళ్ళేసరికి రోనీ పోయి పది నిమిషాలైంది. ఆ సీజన్ మొదట్లో రేడియో మార్చమని రోనీ పోరితే క్లెమ్ వచ్చే ఏడు చూద్దామన్నాడట. ఆ మాటే అతన్ని ఇన్నేళ్ళూ తింటోంది. ఆ పాత రేడియోని సుత్తితో నుగ్గునుగ్గు చేసి సముద్రంలో పారేశాడు. అలాంటివాడి ముందు "తప్పు మనుషులది" అంటే ఏమనుకుంటాడు?

"ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో మనకేం తెలుసు," అన్నాను. "తర్వాత పుస్తకం ఇచ్చాడుగా నీకు. రాజీకే ఇచ్చుంటాడు."

"ఇచ్చాడు. పేరు చూశావా? 'జవాబు రాని నౌక'. వాతపెట్టిన చోటే మళ్ళీ వాత. అతను టాయిలెట్ కాగితం ఇచ్చినా నేను ముట్టను."

"నియమం తప్పావన్నమాట."

"తప్పాను. ఉరి తియ్యి."

"ఆ పుస్తకం ఎక్కడుంది?"

"ఏం, ఫైన్ వేస్తావా?"

"క్లెమ్! ఆయన రాసిన చివరి చీటీ అదే. లోయలో ఎక్కడికెళ్ళాడో అందులో ఏమైనా ఉండొచ్చు. ఇవ్వు."

"లోయేంటి?" అన్నాడు, రొట్టె నములుతూ. "లోయకెందుకు వెళ్తాడు? ఎండకి బజారుకే రాడు."

"మ్యాపు తీసుకున్నాడుగా."

"అదా? అప్పుడు చదువుతున్న పుస్తకంలో పారిపోయే సిపాయిలు అలాంటి లోయలో పడ్డారు. నిజంగా దాటగలరా లేదా అని కొలవడానికి తీసుకున్నాడు. హేజెల్‌కి చెప్పి నవ్వుతుంటే విన్నాను. నీకు తెలీదా?"

నాకు తెలుసు. ఆ పుస్తకం మీద ముద్ర కొట్టి ఇచ్చింది నేనే. ఆయన మ్యాపు పక్కన పెట్టుకోకుండా పుస్తకం తెరవడని ఊళ్ళో అందరికన్నా నాకే బాగా తెలుసు. పొద్దున్న అది గుర్తు రాలేదు. గూఢచారి కథ దొరికితే నాకు ఎదురుగా ఉన్న మనిషి కనపడడు, అదీ నా రోగం.

నేను బండి చుట్టూ తిరిగి వెళ్ళి అటువైపు తలుపు తీశాను. ముందు అరలో తాళాలు, గాలాలు, ఎండిపోయిన ఎర వాసన. వాటి కింద పుస్తకం ఉంది. అట్ట వీపు మీద ఒక్క మడతైనా పడలేదు, అంటే ఒక్కసారి కూడా తెరవలేదు. వెనక అట్ట తీస్తే చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంది. మా చీటీలు ఎప్పుడూ ఒక మడత దాటవు.

"చదువు," అన్నాడు క్లెమ్. "నా కళ్ళజోడు పడవలో ఉంది. ఎలాగూ తిట్లే ఉంటాయి, గట్టిగా చదువు."

విప్పాను. డెస్ చేతిరాత అచ్చు అక్షరాల్లా ఉంటుంది, తడుముకోవలసిన పని లేదు. గట్టిగానే మొదలుపెట్టాను.

"క్లెమ్, ఒక్క వాక్యం చాలలేదు. వెర్నా కోప్పడితే పడతాను. ఈ పుస్తకంలో రేడియో దగ్గర కూర్చుని పిలుపు వినని మనిషి ఒకడున్నాడు. చివర్లో అతన్ని ఎవరైనా క్షమించారో లేదో చెప్పను, అది మన నియమం."

తర్వాతి వాక్యం నా కళ్ళు ముందే చదివేశాయి. నోరు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"క్లెమ్, ఇది నువ్వే చదువుకో."

"కళ్ళజోడు లేదన్నాగా. చదువు."

"పడవలోకెళ్ళి..."

"వెర్నా. చదువు."

చదివాను. 

"నీ రేడియో బాగానే పనిచేసింది. రోనీ పోయిన రోజు ఒడ్డు మీద రేడియో గదిలో డ్యూటీ నాది. నా చేతిలో ఒక పుస్తకం ఉంది. గరగర శబ్దం అడ్డొస్తోందని సౌండు తగ్గించి పెట్టాను. మళ్ళీ పెంచేసరికి రెండున్నరైంది, నువ్వు పిలుస్తున్నావు. అదే మొదటి పిలుపని డ్యూటీ రిజిస్టరులో రాశాను. నువ్వు నీ రేడియోని తిట్టుకుంటుంటే ఇరవై రెండేళ్ళు వింటూ కూర్చున్నాను. ఆ పూట నా చేతిలో ఉన్న పుస్తకం పేరు చెప్పను, ఇచ్చినవాళ్ళ తప్పేం లేదు."

ఆ పుస్తకం ఇచ్చింది నేను. నాకు ఇప్పటికీ గుర్తుంది, నల్లట్ట పుస్తకం, జలాంతర్గామి కథ. "తీసుకెళ్ళండి డెస్, మొదలుపెడితే కింద పెట్టలేరు," అని చెప్పి మరీ చేతిలో పెట్టాను. మర్నాడు రోనీ శవాన్ని ఒడ్డుకి తెచ్చారు. ఆ వారమంతా ఆ పుస్తకం ఎలా ఉందని డెస్‌ని అడుగుతూనే ఉన్నాను. బాగుందన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు క్లెమ్.

"ఇంకొంచెం ఉంది. 'శుక్రవారం నువ్వొస్తే నీ మొహం చూసి నోటితో చెప్తాను. రాకపోతే చదివి కూడా నన్ను చూడదల్చుకోలేదని అనుకుంటాను. శనివారం తెల్లారగట్ల దువ్వెనకి వెళ్ళి రోనీకే చెప్పి వస్తాను. నా పడవ దింపితే ఊరంతా లేస్తుంది, అందుకని బీచ్ మీద ఏదో ఒక చిన్న డింగీ పడవ తీసుకుంటాను. బండి ర్యాంపు దగ్గరే ఉంటుంది. ఇందులో మాయేమీ లేదని వెర్నాకి చెప్పు, ఆవిడ ప్రతిదాంట్లో మాయ వెతుకుతుంది.'"

బీచ్ మీద బోర్లించిన డింగీలు పన్నెండో పదమూడో ఉంటాయి. పొద్దున్నుంచి ఒక్కరం లెక్కపెట్టలేదు.

 క్లెమ్ చేతిలో మిగిలిన రొట్టె ముక్కని కాగితంలో జాగ్రత్తగా చుట్టి, డాష్‌బోర్డు మీద పెట్టాడు. తర్వాత రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి ఉండిపోయాడు. నేను కర్స్టీకి ఫోన్ చేశాను. నాలుగోసారికి కలిసింది.

"కర్స్టీ, నేను తప్పు చెప్పాను. డెస్ లోయలో లేడు. దువ్వెనకి వెళ్ళాడు, డింగీలో, తెల్లారగట్ల. నా చేతిలో ఆయన రాసిన కాగితం ఉంది."

అవతల గాలి చప్పుడు మధ్య ఎవరికో ఆగమని అరిచింది.

"వెర్నా, పొద్దున్న నేను పడవ దింపుతుంటే మీరే కదండీ ఆపారు," అంది.

"నేనే."

"విమానం పెట్రోలుకి వెళ్ళింది, సాయంత్రం దాకా రాదు. రెస్క్యూ పడవ నడిపేవాళ్ళు నలుగురూ ఇక్కడే నా పక్కనున్నారు. ఎంత తోలినా రెండున్నర గంటలు. అక్కడ గాలెలా ఉంది?"

తలెత్తి చూశాను. జెట్టీ మీది జెండా దక్షిణం గాలికి బిగుసుకుపోయి ఉంది. దూరంగా దువ్వెన ఉన్న చోట తెల్లటి గీత కనిపిస్తోంది. పోటు ఎక్కడం మొదలై చాలాసేపైంది, అయిదింటి దాకా ఆగదు. పోటు నిండితే దువ్వెన మీద నిలబడ్డానికి జానెడు రాయి కూడా ఉండదు.

"బాగాలేదు," అన్నాను.

"ఒడ్డున ఎవరిదైనా పడవ ఉందా? ఆ గాలికి దువ్వెనలోకి దూరగల మనిషి?"

ఉన్నాడు. ఈ తీరంలో ఆ పళ్ళ మధ్య దారి తెలిసినవాడు ఒక్కడే. అతను నాకు బారెడు దూరంలో కూర్చుని స్టీరింగుని చూస్తున్నాడు.

"మళ్ళీ చేస్తాను," అని ఫోన్ పెట్టేశాను.

"నన్నడగకు," అన్నాడు క్లెమ్, నేను నోరు తెరవకముందే.

"అడక్క ఎవర్నడగను?"

"ఇరవై రెండేళ్ళు వెర్నా. రోనీ అమ్మకి నేనేం చెప్పానో తెలుసా? నీ కొడుకుని నా పిసినారితనం చంపిందమ్మా అని చెప్పాను. మా అమ్మే కదా ఆవిడ! పోయేదాకా నా చేతి టీ తాగలేదు. ఈయనగారు మా అమ్మ అంత్యక్రియలకి వచ్చాడు. నా భుజం మీద చెయ్యేశాడు. శాండ్‌విచ్ తిన్నాడు!"

"తప్పే. కాదన్నానా? నీ కోపంలో ఒక్క ఇసుక రేణువు కూడా తగ్గించుకోమనను. కాని ఆయన్ని తిట్టాలన్నా ఆయన బతికుండాలిగా."

"బాగా మాట్లాడతావు. ఎన్ని పుస్తకాలు చదివావని."

"క్లెమ్, వాళ్ళందర్నీ కొండలకి పంపింది నేను. ఆరు గంటలు పోగొట్టింది నేను. ఆ రోజు ఆయన చేతిలో ఉన్న పుస్తకం ఇచ్చింది కూడా నేనే. నువ్వు వెళ్ళకపోతే ఆయన్ని చంపింది నేనవుతాను." అప్పటికి ఏడుస్తున్నాను, దాచుకోలేదు. "రోనీ విషయంలో కూడా."

క్లెమ్ మొదటిసారి నా వైపు తిరిగాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి, అదే నాకు భయమేసింది.

"లైన్లో నిలబడు," అన్నాడు. "నీకు ముందు ఇద్దరున్నాం."

దిగి, తలుపు కూడా వెయ్యకుండా జెట్టీ మీద నడిచాడు. అతని పడవ 'పెలికన్' చివరగా కట్టి ఉంది. నేను వెనకాలే పరుగెత్తాను. తాడు విప్పుతూ, నన్ను చూడకుండానే చెప్పాడు.

"రేడియో గదిలో ఎవరూ లేరు. తాళంచెవి గుమ్మం మీద ఉంటుంది. వెళ్ళి కూర్చో."

"నాకు రాదు కదా."

"బొత్తాం నొక్కితే మాట్లాడు, వదిలితే విను. వినడమే ముఖ్యం." ఇంజను మొదలైంది. ఆ చప్పుడు మీదుగా అరిచాడు. "ఆ గదిలో షెల్ఫు నిండా నువ్విచ్చిన పుస్తకాలున్నాయి. ముందు వాటిని తీసి బయట పారెయ్యి. ఒక్కటి కూడా ఉండకూడదు!"

పారేశాను. చేతుల్లో పట్టినన్ని చొప్పున ఆరుసార్లు మోసి ఇసకలో పోశాను. కొన్ని గాలికి తెరుచుకుని పేజీలు కొట్టుకున్నాయి. జీవితంలో పుస్తకాన్ని నేల మీద పడనివ్వని దాన్ని, వాటిని తొక్కుకుంటూ లోపలికి వెళ్ళి కూర్చున్నాను. రేడియో సౌండు చివరిదాకా పెంచాను. గరగరమంటూ చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆ గరగర భరించలేకే కదా ఆయన తగ్గించిందనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన చెవిలో ఇది మోగుతూనే ఉండుంటుంది.

రెండున్నరకి క్లెమ్ ఒకసారి పిలిచాడు, వింటున్నావా అని. వింటున్నానన్నాను. మూడింటికి మళ్ళీ పిలిచాడు. దువ్వెన చుట్టూ తిరిగి ఉత్తరం వైపు నుంచి వస్తున్నానన్నాడు, అలలు ఇంటెత్తున్నాయన్నాడు. ఖాళీ డింగీ ఒకటి బోల్తాపడి కొట్టుకుపోతోందని కూడా చెప్పాడు. కర్స్టీ వాళ్ళు ఇంకా మట్టిరోడ్డు మీదే ఉన్నారు. నేను గోడ గడియారం కింద కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ పేరుపేరునా చెప్పుకున్నాను.

మూడూ ఇరవై అయిదుకి రేడియో పలికింది.

"కనిపించాడు."

నేను లేచి నిలబడ్డాను. "ఎక్కడ? బతికున్నాడా?"

"హెచ్చరిక స్తంభం ఉంది చూడు, మధ్యలో, ఇనపది. దాన్ని కావలించుకుని ఉన్నాడు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. అల వచ్చినప్పుడు తల మునుగుతోంది."

"దేవుడా! దగ్గరికెళ్ళగలవా?"

"వెళ్ళగలను. ముప్పై గజాలు కూడా లేదు. దారి తెరిచే ఉంది." గొంతు చాలా మామూలుగా ఉంది. "నన్ను చూశాడు వెర్నా. చెయ్యి ఊపలేదు. పిలవనూ లేదు. ఊరికే చూస్తున్నాడు."

"అయితే వెళ్ళు! వెళ్ళి లాగు! ఇంకేం చూస్తున్నావు?"

ఇంజను చప్పుడు వినిపిస్తోంది, నెమ్మదిగా, ఉన్నచోటే నిలబెట్టినప్పుడు వచ్చే చప్పుడు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన దాన్ని, ముందుకెళ్ళే ఇంజనుకీ ఆగిన ఇంజనుకీ తేడా నాకు తెలుసు.

"ఆ రోజు మేము కూడా సరిగ్గా ఇక్కడే ఉన్నాం," అన్నాడు. "నీ దగ్గర గోడ గడియారం ఉందా?"

"ఉంది. క్లెమ్, వద్దు..."

"టైమెంతైంది?"

చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే మాట తెగిపోతుందని భయమేసింది. "మూడూ ఇరవై ఆరు," అన్నాను.

"సరే. ఇరవై నిమిషాలు. మూడూ నలభై ఆరుకి మాట్లాడతాను."

టక్కుమని రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గరగర ఒక్కటే మిగిలింది.

బొత్తాం నొక్కి పిలిచాను. వదిలి విన్నాను. మళ్ళీ నొక్కి క్లెమ్ అని పిలిచాను, కొడుకుని పిలిచినట్టు పిలిచాను, రోనీ పేరు పెట్టి బతిమాలాను. కిటికీలోంచి చూస్తే తెల్లటి గీత వెడల్పవుతోంది. పిలిచిన ప్రతిసారీ బల్ల మీద పెన్సిలుతో ఒక గీత గీశాను, ఎందుకో నాకే తెలియదు.

పదకొండో గీత గీసి తలెత్తేసరికి గడియారంలో మూడూ ముప్పై రెండు. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది.